నాలుగో మండ

నేను లెక్కల టీచర్ని. ఇరవై ఆరేళ్ళుగా తణుకు పిల్లలకి కూడికలు, తీసివేతలు నేర్పుతున్నాను. అలాంటి నేను 2015 చలికాలంలో ఒక కొండ కింద నిలబడి మూడు దాకా సరిగ్గా లెక్కపెట్టలేకపోయాను. దాంతో ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఆ ప్రయాణం గురించి ఎవరడిగినా ఇన్నాళ్ళూ జీడితోటల గురించి, పొగమంచు గురించి నాలుగు ముక్కలు చెప్పి తప్పించుకున్నాను. ఆ వైపు వెళ్ళనివాళ్ళ కోసం ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. వద్దని అక్కడివాళ్ళు అడిగారు.

మేం నలుగురం బయల్దేరాం. నేను, మా ఆయన ప్రసాదరావు, మా చెల్లెలు సుజాత, దాని మొగుడు శేఖర్. గుడారాల పిచ్చి శేఖర్‌ది. "హోటల్ గదిలో పడుకోడానికి సెలవు పెట్టడం ఎందుకు వదినా?" అని రెండు గుడారాలు కొనుక్కొచ్చి మా హాల్లోనే వేసి చూపించాడు. మా ఆయన అందులో దూరి, బయటికి రావడానికి పది నిమిషాలు తీసుకున్నారు. అయినా సరేనన్నాం.

నౌపడ ఉప్పుమడులు

రైలు దిగేసరికి తెల్లవారుతోంది. స్టేషన్ బయట ఒకావిడ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతోంది. పొట్లం పది రూపాయలు. మా ఊళ్ళో పదికి గుప్పెడు పెడితే గొప్ప. ఈవిడ పొట్లం కట్టి, పైన ఇంకో గుప్పెడు పోసి, "తినండి బాబూ, సలి కదా" అంది.

రోడ్డు అవతల ఉప్పుమడులు. నీళ్ళు కదలకుండా ఆకాశం రంగులోనే ఉన్నాయి. గట్టు మీద ఒకాయన నడుస్తుంటే, నీళ్ళలో తలకిందులుగా ఇంకొకాయన నడుస్తున్నాడు. మంచులో ఏది మనిషో ఏది నీడో తెలియడం లేదు. సుజాత ముచ్చటపడి ఫోటో తీసింది. నాకెందుకో ఆ దృశ్యం నచ్చలేదు.

మా వైపు కొత్తవాళ్ళు కనిపిస్తే ఏ ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీస్తారు. వేరుశనక్కాయల ఆవిడ అవేమీ అడగలేదు. కొండ దగ్గరికి వెళ్తున్నామని చెప్పగానే, "ఎందరు?" అంది.

"నలుగురం."

మా మీద వేలు ఆడిస్తూ నోట్లోనే లెక్కపెట్టుకుంది. "ఎందరు ఎక్కితే అందరూ దిగాల. దిగినాక కూడా లెక్కెట్టుకోండి" అంది.

"మా వదిన లెక్కల టీచరండీ. ఆవిడుండగా లెక్క తప్పదు" అన్నాడు శేఖర్. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

జీడితోటలో గుడారాలు

శేఖర్ ఆఫీసు స్నేహితుడు ఒకాయన కుదిర్చిన చోటు అది. అప్పలసూరి అనే రైతు జీడితోట. ఆయనకి అరవై దాటి ఉంటాయి. సన్నగా, చువ్వలా ఉంటాడు. తలకి తువ్వాలు చుట్టుకుని, నడుముకి కొడవలి దోపుకుని ఎదురొచ్చాడు. ఆయన భార్య పైడమ్మ మనిషి చిన్నదే గానీ గొంతు పెద్దది. గుడారాలు వేసుకున్నందుకు ఎంత ఇమ్మంటారని అడిగితే ఆవిడకి కోపం వచ్చింది. "నేల మీద తొంగోడానికి డబ్బులేటి తల్లీ? నేల మాదేటి, ఆ మెట్టది" అని కొండవైపు గడ్డం ఎత్తి చూపించింది.

జీడిచెట్టుని నేను అంతకుముందు దగ్గరగా చూడలేదు. కొమ్మలు నేలదాకా వంగిపోయి ఉంటాయి. లోపలికి వెళ్తే మిట్టమధ్యాహ్నం కూడా మసకే. మా గుడారాల చుట్టూ అలాంటి చెట్లు వందల కొద్దీ ఉన్నాయి. వాటి వెనక కొండ. పొద్దున మంచు విడిచాక కాసేపు కనిపించి, మూడు దాటగానే మళ్ళీ మాయమైపోయేది. కనపడనప్పుడు కూడా అది అక్కడే ఉందని వీపుకి తెలుస్తుండేది.

మేం రాగులు అనేవాటిని వీళ్ళు చోళ్ళు అంటారు. ఆ రాత్రి చోడంబలి, ఎండు నెత్తళ్ళ చేపల పులుసు, పచ్చి ఉల్లిపాయ పెట్టింది పైడమ్మ. పప్పుచారు లేకపోతే ముద్ద దిగని మా ఆయన మూడు గిన్నెలు తాగారు. శేఖర్ మాత్రం ఘనకార్యం చేశాడు. మూల బస్తాలో కాల్చని జీడిగింజలు కనపడితే, ఒకటి తీసి పళ్ళతో కొరికాడు. ఆ తొక్కలో నూనె చర్మాన్ని కాల్చేస్తుందని మాకెవరికీ తెలియదు. మర్నాటికి పెదాలు బొబ్బలెక్కి బూరెల్లా వాచిపోయాయి.

"ఓలమ్మో! జీడిగింజ కొరికినోడిని ఇదే సూడ్డం" అని పైడమ్మ కొబ్బరినూనె రాస్తూ ఒకటే నవ్వు.

కాగితం మీద కొండ

రెండోరోజంతా ప్లాను వేయడంతోనే సరిపోయింది. మూడోరోజు పొద్దున ఎక్కి, సాయంత్రానికి దిగాలి. నా పద్ధతి నాకుంటుంది. తెల్ల కాగితం మీద నాలుగు పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి, ఎవరెవరు ఏమేం మోయాలో పక్కనే వేశాను. కింద టైం టేబుల్. ఆరున్నరకి బయల్దేరడం, పదీ నలభైకి దారి మధ్యలో ఉన్న జంటరాళ్ళు, పన్నెండున్నరకి కొండపైన భోజనం, అయిదుంబావుకి కిందికి. ఎక్కేది గట్టు వైపు నుంచి, దిగేది అవతల గెడ్డ వెంట. సెలయేటిని ఇక్కడ గెడ్డ అంటారు.

శేఖర్ ఫోన్లో దిగుమతి చేసుకొచ్చిన పటం చూపించాడు. అప్పలసూరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ మెట్ట మీద ఎలుగులున్నాయేటి బాబూ?" అన్నాడు.

"ఫోన్లో ఎలుగుబంట్లు కనపడవండీ."

"మరైతే ఇది మా మెట్ట కాదు" అని ఫోను వెనక్కి ఇచ్చేశాడు.

తర్వాత ఆయన నేల మీద చింతగింజలు పేర్చి తన ప్లాను చెప్పాడు. అందులో గంటలు లేవు. మంచు లేచినాక ఎక్కాలి, పశువులు దిగేసరికి దిగాలి. జంటరాళ్ళ దగ్గర పక్క సందులోకి అడుగు పెట్టకూడదు, కింద బొరియలున్నాయి. నేను అన్నీ రాసుకున్నాను. ఇక అయిపోయిందనుకుని పెన్ను మూస్తుంటే పైడమ్మ వచ్చి కూర్చుంది.

"రెండు ముక్కలు నానూ సెప్తాను. రాసుకో" అంది.

మొదటిది మండ, అంటే ఆకులున్న రెమ్మ. కొండదారి మొదట్లో ఒక బల్లపరుపు రాయి ఉంది. ఎక్కేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కొక్క చెట్టుమండ తుంపి ఆ రాయి మీద పెట్టి, ఎగిరిపోకుండా చిన్న రాయి బరువు ఉంచాలి. దిగాక తీసేయాలి. పొద్దుగూకే వేళ పైడమ్మ వెళ్ళి చూస్తుంది. ఒక్క మండ మిగిలినా కొండ మీద ఒక మనిషి మిగిలినట్టే. కంచం వాయిస్తే ఊళ్ళో మగవాళ్ళంతా దివిటీలతో ఎక్కుతారు. "మా అత్త కాడి నుంచీ సూస్తన్నాం. ఒక్కడినీ మెట్టకి ఒగ్గీనేదు" అంది. "ఎవుల మండ ఆలే ఎట్టాల. ఎవుల మండ ఆలే తీయాల."

రెండోది పిలుపు. "మెట్ట మీద ఎవులైనా పిలిస్తే మూడోపాలి దాకా పలక్కండి. మనిసైతే మూడుపాల్లు పిలుస్తాడు. అది రెండుపాల్లే పిలుస్తాది."

"అదంటే ఏమిటి?" అంది సుజాత.

పైడమ్మ చింతగింజలు ఏరి డబ్బాలో పోసుకుంది.

నిజం చెప్పాలంటే, మండ సంగతి నేను కాగితం మీద రాయలేదు. టైం టేబుల్లో దానికి గడి లేదు. పిలుపు మాత్రం రాయకుండానే బుర్రలో కూర్చుంది. దీపాలు పెట్టే వేళ బయట నుంచి ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకవద్దని మా అమ్మ కూడా అనేది.

ముగ్గురం

మూడోరోజు పొద్దున శేఖర్ గుడారంలోంచి బయటికి రాలేదు. పెదాలు పగిలి, జ్వరం తగిలింది. తను తలపెట్టిన ప్రయాణానికి తనే రాలేనని మూలిగాడు. నేను కాగితం తీసి అతని పేరు సన్నగా కొట్టేశాను. రాత్రే ఆకుల్లో కట్టిన నాలుగు పులిహోర పొట్లాలూ అలాగే సంచిలో ఉన్నాయి.

పైడమ్మ వాళ్ళ అరుగు మీద వేడి అంబలి తాగాం. ఆవిరికి మసకేస్తోందని నా దగ్గరి చూపు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. ఆవిడకి ఆరోజు సంత. అప్పలసూరి జీడి బేరం మాట్లాడటానికి పలాస వెళ్తానన్నాడు. "మాపటేల కనపడతాం" అని ఎవరి దారిన వాళ్ళు లేచారు.

బల్లరాయి మీద అప్పటికి ఏమీ లేదు. ముగ్గురం తలో తంగేడు మండ పెట్టి ఎక్కడం మొదలుపెట్టాం. అరగంట నడిచాక టైం చూద్దామని కాగితం తీస్తే అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. కళ్ళజోడు అరుగు మీదే వదిలేశాను.

"వెనక్కి వెళ్ళి తెచ్చుకుందామా?" అన్నారు మా ఆయన.

"గంట పోతుంది. ప్లానంతా తప్పిపోతుంది. మీరు చదవండి, నేను వింటాను" అన్నాను. ఆ గంట పోయినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండు పిలుపులు

మంచు లేవలేదు. పది గజాల అవతల చెట్టు బూడిదరంగు గీతలా ఉంది. ఆ కొండ మీద పక్షుల చప్పుడు లేదు. మా చెప్పుల కింద ఆకుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. నడుస్తూ నడుస్తూ ఆ చప్పుడే వింటున్నాను. మేం ఆగితే అది కూడా ఆగుతుంది, కానీ ఒక్క అడుగు ఆలస్యంగా. మొదట నా భ్రమ అనుకున్నాను. కాసేపటికి సుజాత నా పక్కకి వచ్చి, "అక్కా, వెనకాల ఎవరో ఉన్నారు" అంది. మా ఆయన ఆవులన్నారు. ఆవులైతే మెడలో గంటలుండవా?

జంటరాళ్ళు దాటి కొంచెం పైకి వెళ్ళాం. మా ఆయన వాచీ చూసి, "పదీ నలభై అయిదు. అయిదు నిమిషాలే లేటు" అన్నారు. సరిగ్గా అప్పుడే కింద నుంచి, మంచులోంచి పిలుపు వినిపించింది. మాటలు తెలియలేదు. చివర 'ఓయ్' అని సాగదీసిన గొంతు మాత్రం వచ్చింది.

ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మళ్ళీ పిలిచింది. ఈసారి ఇంకా దగ్గర నుంచి. సుజాత పలకబోయింది. నేను దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టేశాను. "మూడోది రానీ" అన్నాను. దాని ఊపిరి నా అరచేతికి వేడిగా తగులుతోంది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. ఎక్కడో రాళ్ళు దొర్లిన చప్పుడయింది. ఆ తర్వాత ఏమీ లేదు.

మూడో పిలుపు రాలేదు.

"అదేనన్నమాట" అంది సుజాత ఏడుపు గొంతుతో. నేను దాని చెయ్యి పట్టుకుని లాక్కుంటూ గబగబా పైకి నడిచాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, మూడోది రానందుకు ఆ క్షణంలో నాకు ఊరట కలిగింది. మనిషి కాదు కదా, పలక్కపోవడమే మంచిదయిందని అనుకున్నాను.

అడుగుల చప్పుడు మాత్రం కొండపైదాకా వచ్చింది.

పైన ఎండ ఉంది. కింద మంచు పాలకుండలా నిండి ఉంది. బండ మీద కూర్చుని పొట్లాలు పరిచాను. నాలుగు. చూసుకుని నేనే నవ్వుకున్నాను, శేఖర్ వాటా కూడా పరిచేశాను. తిన్నాక ముగ్గురం అంచు దాకా వెళ్ళి, కనపడని సముద్రం ఎటువైపు ఉంటుందా అని కాసేపు వాదించుకున్నాం. తిరిగొచ్చేసరికి నాలుగో ఆకు ఖాళీగా ఉంది. మా ఆయన కోతులన్నారు. ఆకు మధ్యకి శుభ్రంగా మడిచి ఉంది, భోజనం చేసి లేచినవాళ్ళు మడిచినట్టు. సామాను సర్దుకుని గెడ్డ వెంట దిగడం మొదలుపెట్టాం.

నాలుగు

బల్లరాయి దగ్గరికి వచ్చేసరికి అయిదున్నర. మా ఆయనకి మోకాళ్ళు పట్టేశాయి. సుజాత ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తూ ముందుకి వెళ్ళిపోయింది. మండలు తీయడం ఇద్దరికీ గుర్తులేదు. వాళ్ళని వెనక్కి పిలవడం ఎందుకని, పరీక్ష అయ్యాక పేపర్లు పోగేసుకున్నట్టు నేనే తీయబోయాను.

రాయి మీద మండలు నాలుగున్నాయి.

ఒక్క క్షణం ఆగాను. కాగితం తీసి చూశాను. మసకలో నాలుగు పేర్లు నాలుగు గీతల్లా కనిపించాయి. సన్నగా కొట్టేసిన గీత కనపడలేదు. పొద్దుటి నుంచి వెనకాల వినపడిన అడుగులు, నాలుగు పొట్లాలు, మడిచిన ఆకు, అన్నీ కలిసి మేం నలుగురమనే నా బుర్రలో కూర్చుంది. లెక్క సరిపోయింది. నాలుగూ తీసుకుని గుడారాలకి వచ్చేశాను.

కాసేపటికి సంత నుంచి వచ్చిన పైడమ్మ రాయి చూసుకుని మా దగ్గరికి వచ్చింది. "మండలేవీ నేవు. అందరూ దిగీసినారు, సంతోసం" అంది. "మా ఇంటాయన ఇంకా పలాస నుంచి రానేదు. ఆకరి బస్సుకి వస్తాడు."

నేను గొప్పగా సంచిలోంచి మండలు తీసి చూపించాను. "నాలుగూ నేనే జాగ్రత్తగా తీశాను."

శేఖర్ వాచిన పెదాలతో నెమ్మదిగా అన్నాడు. "వదినా, నేను రాలేదుగా. నాలుగోది ఎవరిది?"

పైడమ్మ నా చేతిలోంచి మండలు తీసుకుంది. మూడు తంగేడువి. నాలుగోది జీడి మండ. కొడవలితో ఏటవాలుగా కోసి, రెండాకులు మాత్రం ఉంచి మిగతావి దూసేసి ఉంది. దాన్ని తిప్పి చూసి, కోసిన చోట బొటనవేలితో తడిమింది.

"మా ఇంటాయన కోత" అంది.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఏడవలేదు కూడా. ఇంట్లోకి పరుగెత్తి కంచం తెచ్చి వాయించడం మొదలుపెట్టింది. ఇరవై మంది దాకా మగవాళ్ళు వచ్చారు. మెట్ట పెద్దది, రాత్రంతా వెతికినా తెమలదు, నెత్తురు వాసనకి ఎలుగు వస్తుందని ఎవరో అంటున్నారు. నేను పిలుపుల సంగతి చెప్పాను. "ఎక్కడ? ఎన్నిటికి?" అన్నారు. మా ఆయన నా కాగితం లాక్కుని టార్చి వెలుగులో చదివారు. పదీ నలభైకి జంటరాళ్ళు అని ఉంది. మా అయిదు నిమిషాల లేటు కలిపితే, జంటరాళ్ళు దాటాక, పదీ నలభై అయిదుకి. ఆ రోజంతటిలో నా ప్లాను ఎవరికైనా పనికొచ్చింది అప్పుడొక్కసారే.

కళ్ళజోడు

జంటరాళ్ళ పక్క సందులో, బొరియలో దొరికాడు అప్పలసూరి. చీలమండ విరిగింది. తల పగిలి నెత్తురు గడ్డకట్టి ఉంది. మంచం మీద మోసుకొచ్చారు. స్పృహలోనే ఉన్నాడు. నన్ను చూడగానే తల తువ్వాలు ముడి విప్పి, లోపలి నుంచి నా కళ్ళజోడు తీసి ఇచ్చాడు. అద్దాల మీద గీత కూడా పడలేదు.

పలాస బయల్దేరబోతూ అరుగు మీద చూశాడట. చదువుకున్నావిడ, అద్దాలు లేకపోతే కొండ మీద ఇబ్బంది పడుతుందని మా వెనకాలే ఎక్కాడు. మంచులో మమ్మల్ని అందుకుందామని సందులోంచి అడ్డదారి పట్టాడు. తను వద్దన్న సందులోంచే. రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవబోతుంటే కాలు జారింది.

నాకు ముఖం చెల్లలేదు. "పలకవలసింది. తప్పంతా నాదే" అని ఏడ్చేశాను.

"మూడోపాలి దాకా పలకొద్దన్నాది మేవే కదమ్మా. సెప్పినట్టే సేసినారు" అన్నాడు ఆయన. "నానేటీ బెంగెట్టుకోనేదు. రాయి మీద నా మండ ఉన్నాది, పొద్దుగూకితే పైడి సూసుకుంటాది అనీసి కూకున్నాను."

ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దుగూకేసరికి ఆ మండ రాయి మీద లేదు, నా సంచిలో ఉంది.

ఒక్క ప్రశ్న అడగకుండా ఉండలేకపోయాను. "కొండపైదాకా మా వెనకాల వచ్చింది మీరే కదా?"

"నానా? జంటరాళ్ళ కాడే పడిపోనాను కదమ్మా" అన్నాడు. పైడమ్మ ఆయన మాట పూర్తికాకుండానే మంచినీళ్ళు నోటికి అందించింది. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పొద్దున్నే ఆయన్ని ఆసుపత్రికి పంపాక మేం గుడారాలు పీకేశాం. బయల్దేరుతుంటే పైడమ్మ నన్ను బల్లరాయి దగ్గరికి తీసుకెళ్ళి ఆ జీడి మండ నా చేతిలో పెట్టింది. "తీసినోలే ఎట్టాల. ఆయన కాల్ల మీద ఆయన వచ్చి తీసినదాకా ఇది ఇక్కడే ఉంటాది" అంది. పెట్టాను. బరువుకి చిన్న రాయి ఏరి దాని మీద ఉంచాను.

ఆ తర్వాత నాలుగు నెలలు, క్లాసులో పిల్లల్ని లెక్కపెట్టినప్పుడల్లా రెండోసారి లెక్కపెట్టాను. ఎండాకాలం సెలవులు ఇచ్చిన రోజు మధ్యాహ్నం నా ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. కొత్త నంబరు. నిమిషం తర్వాత మళ్ళీ మోగి ఆగిపోయింది. మూడోసారి కోసం నేను ఆగలేదు. నేనే చేశాను.

"అమ్మగోరూ, నాను అప్పలసూరిని" అన్నాడు అవతల నుంచి. "కాలు నిలిసింది. ఇయ్యాల పొద్దున్నే ఎల్లి నా మండ నానే తీసీసినాను. మీకు సెప్పమంది పైడి."